అరిగిన కోబాల్ట్ ఎక్కడికి పోతుంది?

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మట్టపల్లి దాకా, అటు మేళ్లచెరువు, ఇటు కృష్ణ ఒడ్డున వాడపల్లి దాకా, సున్నపురాయి పడిన చోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో యాదాద్రి థర్మల్ కేంద్రం. సరుకు ఏదైనా వీటన్నిటి మెయింటెనెన్సు వాళ్ల గోడు ఒకటే: అరుగుదల. క్లింకర్‌ను పగలగొట్టే సుత్తెలు అరుగుతాయి, బొగ్గు మిల్లు రోలర్లు అరుగుతాయి. ఊకను తోసే బ్లోయర్ రెక్కలు కూడా నిలవవు, ఎందుకంటే ఊకలో ఇసుకకు మూలమైన సిలికా ఉంది. ఊకను కాల్చితే మిగిలే బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు అదే.

అందుకే సూర్యాపేట, కోదాడ దగ్గర హైవే పక్క షెడ్లలో హార్డ్‌ఫేసింగ్ తెలియని వెల్డరు ఉండడు. అరిగిన ముక్కను గ్రైండర్‌తో శుభ్రం చేసి, క్రోమియం, కార్బన్ ఎక్కువగా ఉన్న రాడ్డుతో పూసలు పూసలుగా పైపూత ఎక్కిస్తారు. ఆ పూత చల్లారేటప్పుడు టిక్కు టిక్కుమని శబ్దం చేస్తుంది, పూసలకు అడ్డంగా సన్నటి పగుళ్లు తేలతాయి. ఆ పగుళ్ల గురించి ఎవరూ కంగారు పడరు, పడనక్కర్లేదు కూడా. గట్టి కార్బైడ్ పూత తన బిగువును అలా వదిలించుకుంటుంది. ఒక షెడ్డులో అలాంటి సుత్తెను చేత్తో తడిమి చూస్తూ, ఎన్నాళ్లు ఆడుతుందని అడిగాను. "రాయి మంచిగుంటే మూడు నెలలు ఆడుతది సార్. అరిగిందంతా క్లింకర్ల గలిసి సిమెంట్లకే పోతది గదా, యాడికి పోతది?" అన్నాడు వెల్డరు.

సిమెంటు ఫ్యాక్టరీకి సరిపోయే జవాబది. అణు విద్యుత్ కేంద్రంలో మాత్రం అరిగింది ఎక్కడికి పోతుందన్న ప్రశ్న చుట్టూ డెబ్బై ఏళ్లుగా ఒక శాస్త్రమే పెరిగింది. మన దేశం ఆ కేంద్రాలను ఇదివరకెన్నడూ లేని వేగంతో, ఇదివరకు లేని చేతులతో కట్టబోతోంది. కాబట్టి ఆ ప్రశ్న ఇప్పుడు ఆ షెడ్ల దాకా కూడా వస్తుంది.

అణు కేంద్రమంటే ఉమ్మడి నల్లగొండ జనానికి ముందు గుర్తొచ్చేది నాగార్జునసాగర్ పక్కనున్న లంబాపూర్–పెద్దగట్టు యురేనియం. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ నాడు మొదలైన వాదన ఇప్పటికీ చల్లారలేదు. తవ్వకం గురించి, నీళ్ల గురించి భయం సహజం. రియాక్టరు గురించి భయమైతే చెర్నోబిల్, ఫుకుషిమా దాకా వెళ్తుంది. పదార్థ శాస్త్రం చదివినవాళ్లను కలవరపెట్టేది ఈ రెండింటికీ మధ్య ఉంది. అది పేలదు, పొగ రాదు, వార్తల్లోకి ఎక్కదు. షట్‌డౌన్‌లో వాల్వు విప్పడానికి వంగిన ఫిట్టరు ఒంట్లోకి కొంచెం కొంచెంగా చేరుతుంది.

విషయం ఇదీ. వాల్వులో సీటు, డిస్కు ఒకదాని మీద ఒకటి ఎంతో బరువుతో నొక్కుకుని జారతాయి. నీళ్లలో, దాదాపు 300 డిగ్రీల వేడిలో, మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు స్టెయిన్‌లెస్ స్టీలు మీద జారితే రెండూ అతుక్కుని ఒకదాని పొరను ఒకటి చీల్చుకుంటాయి. దీన్నే గాలింగ్ అంటారు. దీనికి నూరేళ్ల కిందటే మందు దొరికింది. అమెరికాలో ఎల్వుడ్ హేన్స్ 1907లో పేటెంటు పొందిన కోబాల్ట్–క్రోమియం మిశ్రమ లోహం నుంచి పుట్టిన కుటుంబం అది, పేరు స్టెలైట్. అందరూ వాడే స్టెలైట్–6లో నూటికి దాదాపు అరవై పాళ్లు కోబాల్టే ఉంటుంది. మిగతాది 28 శాతం దాకా క్రోమియం, నాలుగైదు శాతం టంగ్‌స్టన్, ఒక శాతం పైచిలుకు కార్బన్. వేడిలోనూ గట్టిదనం సడలదు, తుప్పు పట్టదు, గాలింగ్ దరిచేరదు. వాల్వు సీట్లకు ఇంతకంటే మంచి పూత ఇప్పటికీ లేదనే చెప్పాలి.

చిక్కల్లా కోబాల్ట్‌తోనే. ప్రకృతిలో దొరికే కోబాల్టంతా ఒకటే రకం, కోబాల్ట్–59. అది న్యూట్రాన్‌ను తేలిగ్గా మింగి కోబాల్ట్–60 అవుతుంది. కోబాల్ట్–60 అర్ధాయువు 5.27 ఏళ్లు. విఘటనం చెందిన ప్రతిసారీ 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల రెండు గామా కిరణాలు వదులుతుంది. క్యాన్సర్ ఆసుపత్రుల్లో కణితుల మీదికి పంపేదీ ఇదే కిరణాన్ని. వాల్వు సీటు మీద అరిగిన రేణువు నీళ్లతో పాటు రియాక్టరు గర్భంలోకి వెళ్తుంది, ఇంధనం మీద కొన్నాళ్లు అంటుకుని ఉంటుంది, రేడియోధార్మికం అవుతుంది, ఊడివచ్చి మళ్లీ బయటి గొట్టాల్లో చేరుతుంది. వంపుల్లో, మూలల్లో, నీరు నిలిచే చోట, మనిషి చేతులు పెట్టి పనిచేసే చోట కుదురుకుంటుంది. రియాక్టరు ఆపేశాక న్యూట్రాన్లు ఆగిపోతాయి. ఈ మడ్డి ఆగదు.

ఎంత అరిగితే ఎంత అన్నది లెక్కగట్టి చూద్దాం, భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఉన్న సంఖ్యలతోనే. చదరపు సెంటీమీటర్లు వంద ఉన్న ఒక సీటు పూత మైక్రాన్ మందం, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు అరిగిందనుకోండి. చేత్తో తాకితే తెలియదు, మైక్రోమీటర్‌తో కొలిచినా అనుమానమే. స్టెలైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.4 గ్రాములు. పోయిన లోహం 80 మిల్లీగ్రాముల చిల్లర, అందులో కోబాల్ట్ దాదాపు 50 మిల్లీగ్రాములు. ఇందులో ఒక్క మిల్లీగ్రాము మాత్రమే గర్భంలో చిక్కుకుని, చదరపు సెంటీమీటరుకు సెకనుకు కోటి కోట్ల న్యూట్రాన్లు, అంటే ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు, ఏడాది పాటు తగిలించుకుందనుకుందాం. దాన్లో పదో వంతు కోబాల్ట్–60గా మారుతుంది. దాని తీవ్రత సుమారు 0.1 క్యూరీ. మీటరు దూరంలో నిలబడ్డవాడికి గంటకు 1.2, 1.3 మిల్లీసీవర్ట్‌ల మోతాదు. మన అణు శక్తి నియంత్రణ మండలి కార్మికుడికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని పరిమితి పెట్టింది. అంటే ఒక మిల్లీగ్రాము దగ్గర రెండు షిఫ్టులు పని చేస్తే ఏడాది కోటా అయిపోయినట్టే.

ఇది కాగితం మీది లెక్కని నాకూ తెలుసు. రేణువులన్నీ ఏడాది పాటు గర్భంలో ఉండవు. వడపోతలున్నాయి, శుద్ధి చేసే రెజిన్లున్నాయి. ఒకేచోట కుప్పపడకుండా వేల చదరపు మీటర్ల మీద పలచగా పరచుకుంటుంది. అయినా నీటితో చల్లబరిచే రియాక్టర్లలో షట్‌డౌన్ నాటి మోతాదులో సింహభాగం కోబాల్ట్ నుంచే వస్తుందని ప్రపంచమంతటా కొలతలు చెబుతున్నాయి. మిల్లీగ్రాముల బలం అంతటిది.

దీన్ని కష్టపడి నేర్చుకున్నవాళ్లలో కెనడావాళ్లు ముందువరసలో ఉంటారు, వాళ్ల పాఠం నేరుగా మనదే. రావత్‌భాటా అణు కేంద్రం మొదటి యూనిట్‌ను కట్టింది కెనడాలోని డగ్లస్ పాయింట్ నమూనా మీద. డగ్లస్ పాయింట్ నడిచిన కొన్నేళ్లకే గొట్టాల చుట్టూ రేడియేషన్ పెరిగిపోయి, 1975లో శీతలీకరణ వలయాన్నంతా రసాయనాలతో కడగాల్సి వచ్చింది. ఆ తర్వాతి భారజల రియాక్టర్లలో స్టీలులో కోబాల్ట్ ఎంతకు మించకూడదో ముందే రాసుకోవడం, వీలైన చోటల్లా స్టెలైట్‌ను తప్పించడం పద్ధతిగా మారింది. మనవాళ్లూ ఆ దారినే నడిచారు. నరోరా కేంద్రం నుంచి మొదలుపెట్టి ఆవిరి జనరేటర్లకు ఇన్‌కొలాయ్–800 గొట్టాలు వాడడం, వాటిలో కోబాల్ట్‌కు గట్టి హద్దు పెట్టడం ఆ జాగ్రత్తలో భాగమే. ఈ గొట్టాలను హైదరాబాద్‌లో మౌలాలి పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సే తయారు చేస్తుంది. ఇంధన కట్టలు, జిర్కోనియం గొట్టాలు కూడా 1971లో ఏర్పడిన ఆ సంస్థవే.

స్టెలైట్‌ను మానేస్తే పోలా అంటే, అంత సులువుగా పోదు. 1980ల్లో అమెరికా విద్యుత్ పరిశోధన సంస్థ నోరెం అనే ఇనుము ఆధారిత లోహాన్ని తెచ్చింది. గది వేడిలో భేషుగ్గా పనిచేసింది. సుమారు 190 డిగ్రీలు దాటాక దానికీ గాలింగ్ పట్టుకుంది. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్‌కు మన ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు స్టెలైట్ బదులు కోల్‌మొనాయ్‌ను ఎంచుకున్నారు. నికెల్, క్రోమియం, బోరాన్ కలిసిన పూత అది. కారణం కోబాల్ట్–60 మోతాదే. దానితోనూ వాళ్లు పడిన శ్రమ చిన్నది కాదు. పూత వేసేటప్పుడు కింది స్టెయిన్‌లెస్ స్టీలు కొంత కరిగి పైకి కలుస్తుంది, కలిసినంత మేర గట్టిదనం పడిపోతుంది. పైగా బోరాన్ ఉన్న పూత పెళుసు, చల్లార్చడంలో ఏమాత్రం తొందరపడినా పగులుతుంది. కోదాడ షెడ్డులో తలాడించి వదిలేసే సన్నటి పగులు ఇక్కడ కనిపిస్తే, రంగు ద్రవం పరీక్షలో ఎర్రగా తేలిన ఆ గీత ఒక్కటి చాలు, ముక్క మొత్తం తిరస్కరిస్తారు.

అరగకుండా పెట్టింది ఏదైనా తన రసాయనాన్ని వెంట తెచ్చుకుంటుంది. ప్రధాన పంపుల సీళ్లు, బేరింగుల్లో వాడే కార్బన్‌ను గట్టిపరచడానికి ఒకప్పుడు యాంటిమొనీ పట్టించేవారు. యంత్రం వాళ్లకు అది మంచి ఆలోచనే. యాంటిమొనీ కూడా నీళ్లలోకి దిగి, గర్భంలో రేడియోధార్మికమై, రియాక్టరు ఆపి గాలి తగిలినప్పుడు ఒక్కసారిగా వదులుకుని వలయమంతా పాకేది. కొన్ని భారజల రియాక్టర్లలో దానికోసమే ప్రత్యేకంగా కడగాల్సి వచ్చింది. యాంటిమొనీ లేని కార్బన్‌కు మారాకే కుదుటపడింది. పంపు సీలు ఎంత కాలం ఆడుతుందో చూసినవాళ్లు దానిలో ఏముందో చూడలేదు.

కొద్దిపాటి మలినం చేసే చేటుకు మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2016 మార్చి 11న గుజరాత్‌లో కాక్రాపార్ మొదటి యూనిట్‌లో ఒక పీడన గొట్టం పగిలి భారజలం కారింది. పగులుకు మూలం బయటివైపు తుప్పు. గొట్టం చుట్టూ తిరిగే కార్బన్ డయాక్సైడ్ వాయువులో కలిసిన స్వల్ప మలినాలు రేడియేషన్ కింద మారిపోయి లోహాన్ని తినేశాయని తేలింది. ఆ యూనిట్ మళ్లీ నడవడానికి మూడేళ్లు పట్టింది. కోబాల్ట్ కథ కాదది. నియంత్రణ మండలి చేసిన దర్యాప్తు, దొరికిన కారణం చూస్తే మన వ్యవస్థ మీద నమ్మకం పెరుగుతుంది కూడా. అయితే స్వల్ప మలినం ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇన్నాళ్లూ ఈ జాగ్రత్త నిలబడిందంటే దానికొక సాదా కారణముంది. దేశంలో రియాక్టరు భాగాలు కొనేది దాదాపు ఒకే సంస్థ. అమ్మేవాళ్లు కొందరే, దశాబ్దాలుగా అదే పనిలో మునిగినవాళ్లు. హైదరాబాద్‌లోనే చూడండి: 1973లో పెట్టిన మిధాని ప్రత్యేక స్టీళ్లు పోస్తుంది, ఎంటార్ ఇంధనం మార్చే యంత్రాల తలలు చేస్తుంది. వాళ్ల దగ్గర వర్కుషాపులో కుర్రాడికి కూడా ఏ స్టీలు ఎందుకు పక్కన పెట్టాలో తెలుసు. ఆ తెలివి కొంత కాగితం మీద ఉంటుంది, ఎక్కువ భాగం మనుషుల్లో ఉంటుంది.

ఇప్పుడు ఆ ఏర్పాటు మారుతోంది. పది 700 మెగావాట్ల రియాక్టర్లకు 2017లోనే కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. ప్రస్తుతం తొమ్మిది వేల మెగావాట్లకు కాస్త తక్కువున్న అణు విద్యుత్ సామర్థ్యాన్ని 2047 నాటికి లక్ష మెగావాట్లకు పెంచాలని 2025 బడ్జెట్‌లో లక్ష్యం పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం 1962 నాటి అణు శక్తి చట్టాన్ని, 2010 నాటి బాధ్యత చట్టాన్ని తీసేసి ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ కూడా కొత్త అణు కేంద్రాల జాబితాలో ఏళ్లుగా ఉన్న పేరే. అణు విద్యుత్తు వద్దని నేననను. బొగ్గు బూడిద ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తెలిసినవాణ్ని. నా కలవరం కొనేవాళ్లు ఒకరి నుంచి పదిమందయ్యే ఆ మలుపు గురించే.

పదిమంది కొంటారు, వందలమంది అమ్ముతారు, వాళ్లకు వేలమంది సబ్ కాంట్రాక్టర్లు. మామూలు స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ వెంబడి కోబాల్ట్ 0.1, 0.2 శాతం దాకా వచ్చేస్తుంది. తుక్కు కరిగించి పోసిన స్టీలైతే ఎంతుందో పోసినవాడికే తెలియదు. అణు పనికి 0.05 శాతానికో అంతకంటే కిందికో తేవాలంటే ఎంచిన ముడిసరుకు కావాలి, దానికి ధర ఎక్కువ. చూపుకు, బలానికి, వెల్డింగుకు రెండూ ఒకటే. సిమెంటు ఫ్యాక్టరీలో అయితే నాసిరకం సుత్తె మూడు నెలల బదులు నెలకే బయటపడి వెండరు పరువు తీస్తుంది. కోబాల్ట్ ఎక్కువైన స్టీలు మాత్రం ఏ మామూలు పరీక్షలోనూ తప్పదు. దాని లోపం అయిదారేళ్ల తర్వాత, ఇంకెవరో కాంట్రాక్టు ఫిట్టరు జేబులోని డోసిమీటర్ మీద తేలుతుంది. అప్పుడు ఏ ముక్క నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పరీక్షిస్తారు కదా అంటారు. స్టోర్సులో సరుకు దింపగానే, లోహంలో ఏముందో చూపే పీఎంఐ గన్ను ఆనించి చూడడం ఇప్పుడు మామూలైంది. రెండు సెకన్లలో తెర మీద అంకెలు వస్తాయి, చూసినవాడికి ధైర్యం వస్తుంది. ఈ గన్ను ఎక్స్ కిరణాలతో పనిచేస్తుంది. ఇనుము విసిరే రెండో గీత 7.06 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, కోబాల్ట్ మొదటి గీత 6.93 దగ్గర ఉంటాయి, దాదాపు ఒకదాని మీద ఒకటి. నూటికి డెబ్బై పాళ్లు ఇనుమే ఉన్న స్టీలులో 0.05 శాతం కోబాల్ట్‌ను ఆ రద్దీలో విడదీయడం చేతి గన్ను వల్ల కాని పని. సంతలో మైకు పక్కన నిలబడి చెవిలో గుసగుస వినబోయినట్టుంటుంది. స్పార్కు స్పెక్ట్రోమీటరో, ముక్క కరిగించి చేసే ఐసీపీ పరీక్షో తప్పదు. మరి కొనుగోలు ఆర్డరులో "పీఎంఐ చేయవలెను" అని మాత్రమే రాసి ఉంటే, దాన్ని చేసినవాడు తప్పేమీ చేయలేదు, కోబాల్ట్ సంగతి మాత్రం ఎవరూ చూడలేదు.

మిగిలింది మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అనే కాగితం. దాని మీద ఆధారపడ్డవాళ్ల అనుభవాలు ఏమంత గొప్పగా లేవు. 2012 నవంబరులో దక్షిణ కొరియా యోంగ్‌వాంగ్‌లో రెండు రియాక్టర్లను ఆపేసింది. భాగాల నాణ్యత పత్రాలు దొంగవని తేలాయి. మరుసటి ఏడాది మే నెలలో కంట్రోల్ కేబుళ్ల పరీక్షా ఫలితాలే నకిలీవని బయటపడి మరికొన్ని ఆగాయి. అణు విద్యుత్తుకు పేరుమోసిన ఫ్రాన్స్‌లో 2016లో లె క్రొజో ఫోర్జి రికార్డుల్లో దశాబ్దాల నాటి తారుమార్లు దొరికాయి. 2017లో జపాన్‌లో కోబె స్టీల్ తన లెక్కలు దిద్దానని ఒప్పుకుంది. ఇవేవీ అనుభవం లేని దేశాలు కావు.

మన 2010 చట్టంలో 17(బి) అని ఒక క్లాజు ఉండేది. ప్రమాదం జరిగితే, లోపమున్న భాగం ఇచ్చిన సరఫరాదారు నుంచి నష్టం రాబట్టుకునే హక్కు అణు కేంద్రం నడిపేవాళ్లకు ఇచ్చింది. విదేశీ కంపెనీలు పదిహేనేళ్లు దాన్ని చూపించే ముందుకు రాలేదు. కొత్త చట్టం దాన్ని వదిలేసింది. ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని హాని చేస్తేనో తప్ప సరఫరాదారు మీదికి రాదు. పెట్టుబడి కోణంలో ఇందులో అర్థముంది. పదార్థాల కోణంలో చూస్తే, ఉన్న ఒక బెదిరింపు పోయింది, దాని చోట పరీక్ష ఏదీ ఇంకా రాలేదు. నిజానికి కోబాల్ట్ మోతాదు "ప్రమాదం" కిందికే రాదు కాబట్టి పాత క్లాజు కూడా దాన్ని పట్టేది కాదనుకోండి.

    

మళ్లీ మన షెడ్లకు వద్దాం. ఇక్కడి వెల్డర్లు, ఫిట్టర్లు సిమెంటు షట్‌డౌన్లకూ, థర్మల్ ఓవర్‌హాళ్లకూ ఊరూరా తిరిగేవాళ్లే. రేపు రియాక్టర్లు పెరిగితే ఆ పిలుపూ వస్తుంది, కూలీ ఎక్కువే ఉంటుంది. సరఫరా గొలుసు పెరిగితే వాల్వు బాడీల మ్యాచినింగో, పూత పనో ఈ జిల్లాల్లోని వర్కుషాపులకు రావడం మంచిదే, నేర్చుకోగల చేతులున్నాయి. కానీ ఒకే ఊరివాళ్లు ఒకరు ముక్క తయారు చేసి, ఒకరు ఇరవై ఏళ్లకు ఆ ముక్క పక్కన నిలబడేటప్పుడు, మధ్యలో ఉన్న సంఖ్య ఇద్దరికీ తెలిసి ఉండాలి.

కొత్త చట్టం కింద నిబంధనలు రాసేటప్పుడు అడగాల్సినవి పెద్దవేం కావు. శీతలీకరణ వలయంలో నీరు తగిలే ప్రతి లోహానికీ కోబాల్ట్ హద్దు ఎంతో ప్రచురించాలి. ప్రైవేటు కేంద్రమైనా, ప్రభుత్వ కేంద్రమైనా అదే హద్దు. ఆ హద్దును ఏ పద్ధతిలో కొలవాలో పేరు పెట్టి రాయాలి, గన్ను సరిపోదని సహా. స్టెలైట్ ఎక్కడ తప్పనిసరో ఆ వాల్వుల చిట్టా ఉండాలి, ఎందుకు తప్పదో పక్కనే కారణం ఉండాలి. కాంట్రాక్టు కార్మికుల మోతాదును కేంద్రం మొత్తానికి కలిపి ఒక అంకెగా ఇవ్వడంతో ఆగకుండా ఏ పని మీద ఎంతన్నది విడదీసి ఏటా బయటపెట్టాలి. వాల్వు విప్పేవాళ్ల అంకె పెరుగుతుంటే కోబాల్ట్ లోపలికి వస్తోందని అర్థం. ఇంకా, ఒక్కసారికి కరిగించి పోసిన ప్రతి హీటు నుంచి అరచేతిలో పట్టే ముక్కను ఒకటి కోసి, దాని మీద నంబరు గుద్ది, రియాక్టరు నడిచినన్నాళ్లూ, అంటే కొత్తవాటికి అరవై ఏళ్లు, తాళం వేసిన గదిలో భద్రపరచాలి. కిలోల లెక్కన చూస్తే ఖర్చు లెక్కలోకే రాదు. కాగితం అబద్ధమాడిందేమోనన్న అనుమానం ఎప్పుడొచ్చినా, ఆ ముక్కను తీసి మళ్లీ పరీక్షించుకోవచ్చు.